పేరుకు ముందు అడిగి రాసిన మాట

మా టైమాఫీసు సార్ పోయారని పొద్దున్నే ఇస్నాపూర్‌లో కంపెనీ బస్సు ఎక్కుతుండగా ఫోనొచ్చింది. సీట్లో కూర్చున్నాక ఏడుపు ఆగలేదు. పక్కనామె "ఎవరక్కా?" అంటే, "నా పేరు సక్కగ రాసినాయన" అన్నాను.

సార్ గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. షిఫ్టు జాబితా ఇంగ్లీషులో టైపు చేసి గేటు పక్క బోర్డుకు అంటించడం ఆయన పని. అంతకు ముందు ఆఫీసర్ల పేర్లకే మిస్టర్ ఉండేదట, పనివాళ్లవి వట్టి పేర్లు. సార్ వచ్చి హెల్పర్ల దాకా అందరికీ పెట్టారు. కాంట్రాక్టు వాళ్లకు కూడా ఎందుకని మేనేజరు విసుక్కుంటే, "అయితే అందరికీ తీసేస్తానండీ, మీతోనే మొదలుపెట్టి" అన్నారట. ఆ మాట క్యాంటీన్‌లో ఏళ్ల తరబడి చెప్పుకుని నవ్వుకున్నాం. ఆయనకు కోపమూ ఉండేది. అంటించకముందు బల్ల మీదున్న జాబితాపై ఎవరైనా టీ గ్లాసు పెడితే ఇంతెత్తున లేచేవారు.

అలాంటి సార్ కూడా నా దగ్గర తప్పు చేశారు. నేను హత్నూరలో అత్తగారింటితో తెగతెంపులు చేసుకుని, చిట్కుల్‌లో కిరాయి గది తీసుకుని, ప్యాకింగ్‌లో కొత్తగా చేరాను. అమ్మ బాధపడుతుందని నల్లపూసలు ఇంకా తీయలేదు. అవి చూసి సార్ నా పేరు ముందు మిసెస్ అని పెట్టారు. ఇంటర్ చదివినదాన్ని, అర్థం తెలుసు. ఎవరిని వదిలించుకుని వచ్చానో వాడే నా పేరు ముందు వచ్చి నిలబడ్డట్టు ఒళ్లు మండింది.

షిఫ్టు అయ్యాక వెళ్లాను. పని పోతుందేమోనని భయపడుతూనే లోపలికి పోయాను. "సార్, నేనెవ్వరి మిసెస్ కాదు. ఇడిసిపెట్టి వచ్చిన. జెర అది తీసెయ్యుండ్రి" అన్నాను.

సార్ కళ్లజోడు తీశారు. "తప్పు నాదేనమ్మా. మెడ చూసి రాసేశాను, అడిగి రాయాల్సింది."

పెన్నుతో కొట్టేస్తారనుకున్నాను. కొట్టేస్తే అందరూ ఏమైందని ఆరా తీస్తారని, జాబితా మొత్తం కొత్తగా టైపు చేశారు. నా పేరు ముందు మిజ్ అని పెట్టారు, పెళ్లితో పనిలేని మాట. మర్నాటి నుంచి ఆడవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి ఏం రాయమంటారని అడిగారు. మా సూపర్‌వైజరమ్మ "మిసెసే ఉండనియ్యి సార్, మా ఆయన మంచోడే" అనేసరికి పగలబడి నవ్వారు. "ఎవరి పేరు వాళ్ల ఇల్లమ్మా, తలుపు తట్టే లోపలికి పోవాలి" అని తర్వాత చాలాసార్లు అనేవారు.

నాకు టైపింగ్ నేర్పింది ఆయనే. ఆయన రిటైరయ్యాక ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. ఈ రోజు సంతాప నోటీసు కూడా నేనే కొట్టాను. పేరు ముందు లేట్ అని ఒక్కటి చాలదా అన్నాడు పక్క క్లర్కు. "మనిషి పోతే మిస్టర్ ఎందుకు పోతది?" అన్నాను. రెండూ పెట్టాను.

నోటీసు అంటించి వచ్చేసరికి నా బల్ల ముందు ఒక కొత్త అమ్మాయి జాయినింగ్ కాగితం పట్టుకుని నిలబడి ఉంది. కాళ్లకు మెట్టెలున్నాయి. చూసీ చూడనట్టు, "మీ పేరు ముంగట ఏం రాయమంటరు?" అని అడిగాను.

ఆ అమ్మాయి ఇంకెవరినో అడుగుతున్నాననుకుని వెనక్కి తిరిగి చూసింది. అక్కడ ఎవరూ లేరు. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుని, తీరిగ్గా ఆలోచించడం మొదలుపెట్టింది.