మెఫ్తా బాబాయ్ ఇటుకలు

మెఫ్తా బాబాయ్ నేలకు ఆనుకుని ఉన్న వస్తువును చూసి ఊరుకోలేడు. దాని కింద ఇటుక పెడితే గానీ ఆయన మనసు కుదుటపడదు. మోపెడ్ వెనక చెక్కపెట్టెలో ఎప్పుడూ ఇటుకలుండేవి. పరామర్శకు వెళ్ళినా వాటితోనే వెళ్ళేవాడు.

మొదట బలైంది నా కాఫీకొట్టే. ఒకరోజు కొట్లోకి వచ్చేసరికి బల్లలన్నీ ఇటుకలెక్కి ఉన్నాయి. కుర్చీలు మాత్రం కిందే ఉన్నాయి. వచ్చినవాళ్ళు గడ్డం బల్లకానించి కాఫీ తాగారు. ఇదేమిటని అడిగితే, ధ్రువాల దగ్గర మంచు కరుగుతోందన్నాడు. రేడియోలో విన్నాడట. భూమికి పైన ఒక మంచుగడ్డ, కింద ఒక మంచుగడ్డ, రెండూ దేశాలంత, నేలమీద కూర్చున్న ఆ మంచంతా నీరై సముద్రంలోకి దిగుతోందట.

"మరి కుర్చీల సంగతేంటి బాబాయ్?"

"ఇటుకలు అయిపోయాయి లజార్. మంచుకు తొందర లేదులే, తర్వాత చూద్దాం."

మా కెర్కెన్నా దీవుల్లో సముద్రానికి కూడా గట్లుంటాయి. లోతు తక్కువ నీళ్ళలో ఖర్జూరపు మట్టలు వరసగా పాతి, చేపలు దారి తప్పి బుట్టల్లోకి వచ్చేలా కంచెలు కడతాం. ఏ నీళ్ళు ఏ ఇంటివో తాతల నాడే తేలిపోయింది. కొన్నేళ్ళుగా కంచెలు నీళ్ళలో మునిగిపోతుంటే, మట్టలు పొట్టివవుతున్నాయని ఊరంతా చెట్లను తిట్టాం. ఎరువు వేశాం. ఒకాయన చెట్టుకు తాయెత్తు కూడా కట్టాడు. పెరిగింది నీళ్ళేనని అన్నది మెఫ్తా బాబాయ్ ఒక్కడే. అప్పటికే ఆయన మసీదు ముందు చెప్పుల బల్లకు ఇటుకలు పెట్టి ఉండటంతో ఎవరూ పట్టించుకోలేదు.

మా అక్క కూతురి పెళ్ళిలో పెళ్ళికూతురి కుర్చీ కింద ఇటుకలు పెట్టాడు. ఫొటోల్లో పెళ్ళికొడుకు తల ఆమె భుజం దగ్గరికి వచ్చింది. అవతలి ఒడ్డున ఉన్న స్ఫాక్స్ నగరం నుంచి వచ్చిన వియ్యపురాలు మండిపడి, మా అబ్బాయిని పొట్టివాణ్ణి చేశారేమని నిలదీసింది.

"మీవాడికి ఈత వచ్చని చెప్పారమ్మా," అన్నాడాయన.

ఇలా కోళ్ళగూళ్ళు, నీళ్ళ కుండలు, ఇమాంగారి మంచం, అన్నీ లేచాయి. ఎవరింట్లో పనిచేస్తే వాళ్ళు తిండి పెట్టడం మా ఊరి పద్ధతి. అంతటితో సరి, ఎవరికెవరూ రుణపడరు. తిండి కోసమే బాబాయ్ ఈ పిచ్చి పట్టించుకున్నాడని కొందరనేవారు. ఒక్క జాజియా గుమ్మం మాత్రం ఆయన తొక్కలేదు.

జాజియా వితంతువు. ఖర్జూరపు నారతో చేపల బుట్టలు అల్లి బతుకుతుంది. ఊళ్ళోకెల్లా పల్లపు ఇల్లు ఆమెదే. చలికాలం గాలికి సముద్రం పొంగితే నేలలోంచే నీరూరేది. కిందటేడు నార అంతా బూజు పట్టి బుట్టలు ఎవరూ కొనలేదు. ఇంకో చలికాలం అలాగే గడిస్తే ఇంటికి తాళం వేసి స్ఫాక్స్‌లో అన్న ఇంటికి పోవాల్సిందే. అలాగని సాయమంటే ఆమెకు పడదు. చిటికెడు ఉప్పు ఇస్తే పళ్ళెం నిండా చేపలు తెచ్చి ముఖాన పెట్టే మనిషి. నేల ఎత్తు చేయించడానికి చందా వేద్దామన్న పాపానికి ఇమాంగారి సలాముకు బదులివ్వడం మానేసింది.

వేసవి చివర్లో ఒక సాయంత్రం ఆమె నా కొట్టు గుమ్మంలో నిలబడింది. మా ఊళ్ళో ఆడవాళ్ళు అక్కడికి రారు. అందరూ కప్పులు దించారు.

"ఏం మెఫ్తన్నా, కోళ్ళక్కూడా ఇటుకలు పెట్టావట. నా ఇల్లు ఊళ్ళో లేదా?"

"ఉందమ్మా. నీదైతే నేలంతా లేపాలి. అన్ని ఇటుకలు నేనెక్కడ తేను?"

"ఊరందరికీ తెచ్చావు. నేను తిండి పెట్టలేననుకున్నావా?"

బాబాయ్ నడుం నొప్పన్నాడు. ఎండలన్నాడు. చివరికి, ఇంతలా వెంటపడితే ఏం చేస్తానని విసుక్కుంటూ ఒప్పుకున్నాడు.

ఇటుకలు మోయడానికి ఆయన పెరట్లోకి వెళ్ళాం. పాత చాపలు తీస్తే కింద గోడంత గుట్ట ఉంది. పక్కన ఇసుక, సున్నం కూడా ఉన్నాయి. నేను ఆయన వైపు చూశాను. ఆయన మోపెడ్ చక్రం వైపు చూస్తున్నాడు.

ఊరంతా కలిసి గుమ్మంతో సహా నేల లేపాం. జాజియా గోధుమరవ్వతో ఆక్టోపస్ కుస్‌కుస్ వండి పెట్టింది. కారం ఎక్కువైందని బాబాయ్ వంక పెట్టి, మళ్ళీ వడ్డించుకున్నాడు.

ఆ చలికాలం సముద్రం ఆమె గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది. నార పొడిగానే ఉంది. మెఫ్తాతో పోట్లాడి మరీ చేయించుకున్నానని ఆమె ఇప్పటికీ చెప్పుకుంటుంది. గయ్యాళి, తప్పించుకోలేకపోయానని ఆయన వంతపాడతాడు.

మోపెడ్ పెట్టెలో ఇప్పుడు పుచ్చకాయలుంటున్నాయి. మంచు కరగడం ఆగిపోయిందా అని అడిగాను.

"ఎందుకాగుతుంది? మన మనవళ్ళ నాటికి జాజియా నేలకు పెట్టిన ఎత్తు కూడా చాలదు."

"అయితే నా కుర్చీలు?"

"వాటికేం తొందర," అని బల్లకు గడ్డం ఆనించి కాఫీ తాగాడు.