పసుపు పెట్టిన వల

మా మేనత్త పోయిందన్న కబురు మొన్న పొద్దున వచ్చింది. అమలాపురంలో నేను పిల్లలకు చదువు చెబుతున్న పాక గుమ్మంలో పడవవాడు నిలబడ్డాడు. "మీ మేనత్తగారు పోయేరండి. మీరొస్తేగాని ఎత్తొద్దన్నారండి," అన్నాడు. రాజోలు దిగువన గోదారి పాయ ఒడ్డున ఉంది మా పేట. దారి పొడుగునా నాకు ఒకటే గుబులు. ఆవిడ వింటుండగా నలుగురిలో చెప్పవలసిన మాట ఒకటి నేను ఇన్నేళ్లూ చెప్పకుండా దాచాను. ఇక ఆవిడ వినదు.

పెళ్లయిన మూడో ఏటే మా మావయ్యను గోదారి తీసుకుపోయింది. అత్త పుట్టింటికి వచ్చేసి, ఆయన అల్లి సగంలో వదిలిన వలను విప్పుతూ, మళ్లీ అల్లుతూ ఆ పని తనంతట తానే నేర్చుకుంది. మా పేటలో వల అల్లడం మగవాళ్ల పని. కాని ధవళేశ్వరంలో ఆనకట్ట కడుతున్న ఆ రోజుల్లో మగవాళ్లు సగానికి పైగా మట్టి పనికి వెళ్లిపోయారు. గోదారికి వరద ఎర్రనీరు వస్తే పులస చేప ఏటికి ఎదురెక్కుతుంది. అప్పటికి వల సిద్ధంగా లేకపోతే ఆ ఏడాది ఇంటిల్లిపాదికీ గంజే.

అందుకని అత్త పిల్లల్ని పోగుచేసింది. ఎనిమిది మందిమి. నాలుగేళ్లవాళ్లు వెదురు పుల్లకు దారం చుట్టాలి. ఆరేళ్లవాళ్లు దారం తడపాలి. ఎనిమిదేళ్లు దాటితేనే ముడి. పెద్దవాళ్లు వల కన్ను వేళ్లతో కొలుస్తారు. మా వేళ్లు తలా ఒక తీరు గనక కళ్లు కూడా తలా ఒక తీరుగా వచ్చేవి. అత్త చింతచెక్క ముక్క ఒకటి చెక్కి, అందరికీ అదే కొలత అంది. "చిన్న చేతికి చిన్న పనిస్తానురా, చిన్న మాట మాత్రం అనను," అనేది. వేసిన ప్రతి ముడినీ తానే పట్టుకుని లాగేది. "ముడి చూసుకోడానిక్కాదు, లాగి చూడ్డానికి" అన్నది ఆవిడ మాట.

ఆడకూతురు నేర్పిన వలకు గంగమ్మ చేపనివ్వదని పేట పెద్ద పట్టుబట్టాడు. చివరికి ఒక్క వలకు ఒప్పుకున్నాడు. అది చెడితే అత్త మళ్లీ వల ముందు కూర్చోకూడదు.

ఆఖరి వరస నాది. నాకు పదకొండేళ్లు, అందరిలో పెద్దవాణ్ణి. వేళ్లు కోసుకుపోయాయి. పైగా అందరికంటే ముందు ముగించి లేవాలన్న పొగరు. బిగించకుండానే ముళ్లు వేసుకుంటూ పోయాను. "లాగి చూసుకున్నావా?" అని అత్త అడిగింది. "ఆయ్, చూసేనత్తా," అన్నాను. పెద్దవాణ్ణి కదా అని నమ్మింది. ఆ ఒక్క వరసా ఆవిడ లాగలేదు.

మర్నాడు పొద్దున రేవులో వలకు పసుపు, కుంకుమ పెట్టారు. నది రంగు మారుతోంది. మగవాళ్లు వల ఎత్తి పడవలో వేయబోతుంటే ఆఖరి వరసలో ముడి జారి రెండు కళ్లు కలిసిపోయి పెద్ద కంత కావడం చూశాను.  వెళ్లి అత్త చెవిలో చెప్పాను.

పసుపు పెట్టిన వలకు ఆ రోజు కత్తి తగలకూడదు. కోసి కొత్తది వేసే వీలు లేదు. అత్త ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తిట్టలేదు. "పిల్లల్ని పిలు," అంది. ఎనిమిది మందిమీ ఇసకలో కూలబడి గోళ్లతో, పళ్లతో ముళ్లు విప్పాం. చిన్నవాళ్ల గోళ్లే సన్నగా దూరాయి. విప్పినచోట నేను మళ్లీ ముడి వేస్తుంటే అత్త వెంట వెంటనే లాగుతోంది. నీళ్లు మా కాళ్ల దాకా వచ్చేశాయి.

"ఏటమ్మా ఇది, పడవ కదిలే వేళకి?" అని పెద్ద అరిచాడు.

"తప్పు నాదేనండి. ఆఖరి వరస నేనే లాగి చూడలేదండి," అంది అత్త. నేను తల వంచుకుని ముడి వేస్తూనే ఉన్నాను.

వల నిండుగానే వచ్చింది. అందుకని పిల్లలకు నేర్పడం మాన్పించలేదు. కాని ఆ తప్పుకు, ఇక పసుపు పెట్టే వేళ ఆవిడ రేవుకు రాకూడదన్నాడు పెద్ద. ఆ తరవాత ఏ ఏడూ అత్త ఎర్రనీరు రావడం ఒడ్డున నిలబడి చూడలేదు. పెరట్లో కూర్చుని, "ఇవాళ రంగు ఎలా ఉందిరా?" అని నన్నే అడిగేది. నేను చెప్పేవాణ్ణి. అసలు మాట మాత్రం నోటికి వచ్చేది కాదు.

మొన్న శవం దగ్గర ఆ పెద్ద కూడా కర్ర పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అందరూ వినేలా చెప్పేశాను, ఆ ముళ్లు నావని.

"తెలుసురా," అన్నాడాయన. "ఆవేళ తల ఎత్తకుండా ముళ్లు వేసింది నువ్వే. ఆడమనిషి తప్పంటే పేటలో గొడవుండదని ఊరుకున్నాను."

ఒళ్లు మండిపోయింది. కాని ఆయన్ని అనడానికి నాకు ఏ మొహం ఉంది? ఆయన ఇన్నేళ్లు ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను, పైగా ముళ్లు నావి.

ఆవిణ్ణి శ్మశానానికి రేవు మీదుగా తీసుకెళ్లాలన్నాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. తిరిగి వచ్చేసరికి అత్త పెరట్లో గుంజకు సగం అల్లిన వల వేలాడుతోంది. దాని ముందు తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె, ఆవిడ దగ్గర ఆఖరుగా చేరింది, వేసిన ముడిని రెండు వేళ్లతో పట్టుకుని కూర్చుంది. లాగి చూసేవాళ్లు లేక పొద్దుట్నించీ అలాగే ఉందట.

"మీరు చూస్తారాండీ?" అంది.

పట్టుకుని లాగాను. జారలేదు. మళ్లీ లాగాను. ఆ పిల్ల తరవాతి ముడికి దారం అందుకుంది. నేను మాత్రం ఆ ముడిని వదలలేకపోయాను.