వైకుంఠానికి బస్సుందా?

అది శనివారం. పగలు పన్నెండు గంటల నలభై నిమిషాలు. బసవనగుడిలో ఒక మేడ మీద, గోడ గడియారం కింద, ఆకులో సగం తిన్న ఒబ్బట్టు ఎదురుగా పెట్టుకుని ఉండగా నా పరువు పోయింది. నిమిషాలతో సహా ఎలా చెప్తున్నావని అడుగుతారేమో. ఆ రోజుల్లో నాకు గడియారం చూడటం వచ్చు. అక్షరాలే రావు. కొంప ముంచింది ఆ రెండోదే.

తొంభైలు సగం దాటాయి. నేను బెంగళూరులో ఒక మిషన్ గెస్ట్‌హౌస్‌లో పధ్నాలుగేళ్లుగా వంటమనిషిని. పుట్టింది ఆ పక్కనే ఆనేకల్లో. గెస్ట్‌హౌస్ చూసుకునే ముసలాయన పని మానుకున్నాడు. ఆ పనిలో చేరితే పొగ ఉండదు, ఉండటానికి గది ఇస్తారు, తాళాలగుత్తి నడుముకి వేలాడుతుంది. ఆ గుత్తి కోసం నేను కలలో కూడా నడుము తడుముకునేదాన్ని. మా పాస్టరు ప్రభాకరంగారిది గుంటూరు వైపు. ఆయన పిలిచి, "సుగుణమ్మగారూ, వచ్చిన వాళ్ల పేర్లు పుస్తకంలో రాయాలి. చదువు వచ్చుగా?" అన్నారు.

"రాకేం అయ్యగారూ!" అన్నాను. ఆ సాయంత్రమే మడివాళ సంతకు పోయి కళ్లద్దాలు కొనుక్కున్నాను. అద్దాలు పెట్టుకుంటే అక్షరాలు వాటంతటవే వచ్చి కళ్లలో పడతాయని నా నమ్మకం. పడలేదు. రాని అక్షరాలే ఇంకాస్త పెద్దగా కనబడ్డాయి.

అంతలో రాయలసీమలో కొత్తగా పనికి వచ్చిన మిషనరీ దంపతులు సెలవుకి దిగారు. శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఊరు చూడాలి, మంచి తిండి తినాలి, అంతే వాళ్ల కోరిక. పీటరు దొరగారు తాటిచెట్టంత. రూతు దొరసాని ఆయన మోచేతి దాకా వస్తుంది. ఇద్దరూ తెలుగు నేర్చుకున్నది బైబిలు చదివి. అందుకని ఉప్పు అడగాలన్నా ప్రార్థనలాగే ఉండేది.

"వీళ్లని జాగ్రత్తగా తిప్పి తీసుకురండి. సోమవారం తాళాలు మీ చేతికే," అన్నారు పాస్టరుగారు.

శుక్రవారం సాయంత్రం గాంధీబజారులో మసాలా దోసె తినిపించాను. గొడవ లేదు. శనివారం పొద్దున లాల్‌బాగ్. అక్కడ దొరగారు ప్రతి చెట్టు దగ్గరా ఆగాడు. ఒక కన్నడ పలక చూపించి, "సుగుణమ్మా, దీనిమీద ఏమి వ్రాయబడియున్నది?" అన్నాడు.

అద్దాలు సర్దుకున్నాను. "చెట్టు అని రాసుండాది దొరగారూ."

"మరి దాని మీద?"

"ఇంకో చెట్టు అని."

దొరసాని నా తెలివికి అబ్బురపడి ఆ మాటలు చిన్న పుస్తకంలో రాసుకుంది. నాకు గర్వం తలకెక్కింది. ఎక్కిన గర్వం దిగడానికి మెట్లు వెతుక్కోదు, దూకేస్తుంది.

మధ్యాహ్నం ఆకు భోజనం. పాస్టరుగారు ఒక హోటలు కార్డు ఇచ్చి, దారి నోటితో కూడా చెప్పారు: "గుడి దాటాక రెండో వీధి. మేడ మీద భోజనం. గుమ్మంలోనే హోటలు పెట్టిన పెద్దాయన ఫోటో, దానికి దండ. బోర్డు చదువుకుని వెళ్లండి." కార్డు నా సంచిలో భద్రంగా ఉంది. తీసి పక్కవాడికి చూపిస్తే సరిపోయేది. కానీ చదువు వచ్చినదాన్ని నేను ఇంకొకరిని అడుగుతానా? అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. నా శని సంచిలో కార్డు పక్కనే కూర్చుంది.

రెండో వీధి. మేడ. గుమ్మంలో పెద్దాయన ఫోటో, దండ, ఊదుబత్తులు. పక్కన సుద్దతో రాసిన నల్లబోర్డు. పై నుంచి చారు వాసన, కన్నడంలో సారు. ఇంక ఏం కావాలి?

దొరగారు బోర్డు కేసి వంగి చూశాడు. "తెలుగువలె ఉన్నది గాని తెలుగు కాదు."

"కన్నడం దొరగారూ. భోజనం తయారని రాసుండాది. రాండి, రాండి."

మేడ మీద పొడుగాటి బల్లలు, ఆకులు. ఒకాయన ఎదురొచ్చి దొరల్ని చూసి ఒక్క క్షణం తెల్లబోయి, "నాయనకి తెలిసినోళ్లా? కూర్చోండి," అని కన్నడంలో అన్నాడు. హోటలు ఓనరే స్వయంగా కూర్చోబెట్టాడని నేను దొరసాని కేసి ఒక చూపు చూశాను. చూశావా నా పలుకుబడి, అన్న చూపు.

వడ్డించారండీ! పెసరపప్పు కోసంబరి, పల్యం కూర, వడలు, పాయసం, నెయ్యి కారుతున్న ఒబ్బట్లు. దొరగారు నాలుగు వడలు తిన్నాడు. దొరసాని మూడో ఒబ్బట్టు అడిగింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? దొంగకు తోడు దొరలంటే మేమే. నేనింకో ఒబ్బట్టు సగంలో ఉండగానే దొరగారు జేబులో చెయ్యి పెట్టి బిల్లు అడిగాడు.

వడ్డించే మనిషి నవ్వాపుకుని కన్నడంలో అన్నాడు: "బిల్లేందప్పా? ఇదంతా పెద్దాయన పేరు మీద పెట్టే ఊట."

ఊట అంటే భోజనమని తెలుసు. ఆ 'పేరు మీద' అన్నదే నాకెందుకో మింగుడు పడలేదు. కానీ అర్థం కాలేదని ఒప్పుకునే రకమా నేను? "పెద్దాయన పుట్టిన రోజంట దొరగారూ. ఊరందరికీ ఊరికే పెడతాండారు," అని చెప్పేశాను.

"ఎంత గొప్ప మనస్సు!" అంటూ దొరసాని లేచింది. "మేము ఆ కుటుంబమును దీవించవలెను."

"వద్దమ్మా, వాళ్లు పనిలో ఉండారు," అన్నాను. వినలేదు. ఆ మూల చాప మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. దొరసాని నేరుగా వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. నాకు భయం లేదు. కన్నడం వాళ్లకి ఈ బైబిలు తెలుగు ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ ఇంటివాళ్లు నాలుగు తరాలుగా ఈ ఊళ్లో ఉంటున్న తెలుగువాళ్లని నాకు ఎవరు చెప్పారు?

"అమ్మా," అంది దొరసాని, హాలంతా వినబడేలా. "మీరు బహుగా ఆనందించుడి! ఈ గృహమందు ఇట్టి విందు ప్రతి మాసమును జరుగును గాక!"

సారు గరిటె గాల్లో ఆగిపోయింది. ముప్పై మంది నోళ్లు తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయాయి. ఒకాయన నోట్లో సగం వడ నేను కూర్చున్న చోటికి కనబడింది.

దొరగారు ఆ నిశ్శబ్దాన్ని భక్తి అనుకున్నాడు. మమ్మల్ని కూర్చోబెట్టినాయన్ని అడిగాడు: "మీ తండ్రిగారు ఎక్కడ ఉన్నారు? వారిని చూడగోరుచున్నాము."

ఆయన తెలుగులోనే, "వైకుంఠంలో ఉండాడు," అన్నాడు.

బైబిలు తెలుగులో పరలోకం ఉంది గాని వైకుంఠం లేదు. దొరగారు ఉత్సాహంగా నా వైపు తిరిగాడు. "సుగుణమ్మా, అది ఎంత దూరము? రేపు మాకు సెలవే గదా. వైకుంఠమునకు బస్సు ఉన్నదా?"

అప్పుడు చూశాను గడియారం. పన్నెండు నలభై. ఫోటో, దండ, ఊదుబత్తి, పెద్దాయన పేరు మీద ఊట, అన్నీ వరసగా వచ్చి నా నెత్తిన మొట్టాయి. పదమూడో రోజు! చావింట్లో కూర్చుని మూడేసి ఒబ్బట్లు తిని, నెలనెలా ఇలాగే జరగాలని దీవించి, ఇప్పుడు బస్సు అడుగుతున్నాం.

ముసలామె మెల్లగా తలెత్తింది. "నెలనెలా అంటే ఎట్ల తల్లీ?" అంది. "మేము ఇంట్లో ఉండేదే ఆరుమందిమి. మీ దీవెన తగిలితే సంక్రాంతికి వడ్డించేదానికి మనిషి మిగలడు!"

అని ఫక్కున నవ్వింది. కొడుకు బెదిరిపోయాడు. "అమ్మా!" అన్నాడు. ఆమె ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ల నీళ్లు కారేలా నవ్వింది. "పదమూడు దినాలైంది రా నేను నవ్వి. ఆయనుంటే ఈపాటికి బస్సు నంబరు కూడా చెప్పుండును."

కొడుకు నా మీద తిరిగాడు. "ఏమమ్మా, కింద బోర్డు చూడ్లేదా? వైకుంఠ సమారాధన అని ఇంతింత రాసినాను కదా!"

"చూసినానప్పా."

"చూస్తే?"

దొరలిద్దరూ నా వైపే చూస్తున్నారు. ఇంకో అబద్ధం నోటి చివర దాకా వచ్చిన మాట నిజమే. సోమవారం తాళాలు చెవిలో గలగలమన్నాయి. కానీ పోయినవాడి ఉప్పు నోట్లో ఉండగా అబద్ధం బయటికి రాలేదు. కళ్లద్దాలు తీసి ఆకు పక్కన పెట్టాను.

"నాకు చదువు రాదప్పా. ఒక్క అక్షరం రాదు."

దొరసాని చిన్నగా అడిగింది: "అయితే ఆ చెట్లు?"

"చెట్లేనమ్మా. అది మాత్రం నిజం."

ముసలామె నన్ను చాప మీద పక్కన కూర్చోబెట్టుకుంది. "నాకూ రాదు పోవే. ఏ కాగితమైనా ఆయనే చదివి చెప్తాండె. ఆ బోర్డులో ఏం రాసినారో నాకూ తెలీదు." ఈసారి ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు. తర్వాత నా సంచిలోంచి కార్డు తీసిస్తే కొడుకు చదివాడు. ఆ హోటలు సరిగ్గా ఎదురింట్లోనే ఉంది. అక్కడి పెద్దాయన ఫోటోలో కూడా మీసాలే, దండే.

ఆదివారం చూడాల్సినవన్నీ మానేసి దొరసాని నాకు అక్షరాలు దిద్దించింది. సోమవారం పొద్దున పాస్టరుగారికి నేనే అంతా చెప్పాను. ఆయన బల్ల మీద తల పెట్టుకున్నారు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకున్నాను. తల ఎత్తాక ముఖం ఎర్రగా ఉంది. "బస్సు... బస్సు ఉందా అన్నారా?" అని మళ్లీ తల పెట్టుకున్నారు. తాళాలు మాత్రం ఇవ్వలేదు. "పుస్తకంలో పేరు రాసిన రోజు తీసుకోండి," అన్నారు. వీపు మీద తెల్లవెంట్రుకల జడ వేలాడుతుండగా అక్షరాలు దిద్దాను. తాళాలు నడుముకి చేరడానికి ఏడాది పట్టింది. కోటి విద్యలు కూటి కొరకే అంటారు. నా ఒక్క విద్య కూటి వల్ల వచ్చింది.

కాబట్టి, చదివే మహాజనులారా, ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట బోర్డు పైనుంచి కింది దాకా చదవకుండా ఏ ఆకు ముందూ కూర్చోను. చదివాక ఎవరిదైనా సమారాధన అని తెలిస్తే, రెండు చేతులూ జోడించి, బస్సు సంగతి ఎత్తకుండా, ఒక్క ఒబ్బట్టుతో లేస్తాను. మరీ బాగుంటే రెండు.

ఇందుకు సాక్షులు, ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: నాలుగు వడల పీటరు దొరగారు, దీవించిన రూతు దొరసాని, బోర్డు రాసిన కొడుకు శ్రీనివాసులు, గరిటె దించడం మరిచిన వడ్డించే గోపాలు, నవ్విన దేవమ్మ, సుగుణమ్మ అనే నేను. ఇంకో సాక్షి, గుమ్మంలో దండ వేసుకుని, మేము లోపలికి వస్తుంటే అంతా చూస్తూ కూడా ఒక్క మాట హెచ్చరించని పెద్దాయన రంగప్పగారు.