ఆరని సిలువ

జమ్మలమడుగులో సరోజమ్మ టీచరుకు పాత వస్తువు పాతగా ఉంటే మనసు ఊరుకోదు. ముప్పై రెండేళ్ళు పిల్లల చేత అక్షరాలు దిద్దించి రిటైరయ్యాక, ఆమెకు దిద్దడానికి ఇంట్లో సామాను మాత్రమే మిగిలింది. గేటు, కుట్టుమిషను, భర్త పేతురు సైకిలు, అన్నీ స్ప్రే డబ్బా దెబ్బకు వెండి రంగుకు తిరిగాయి. కలమల్ల కరెంటు ప్లాంటులో ఫిట్టరుగా చేసి వచ్చిన పేతురు, ఆమె చేతిలో డబ్బా కనిపిస్తే ఒక్కచోట కదలకుండా కూర్చోవడం మానేశాడు.

ఈస్టరు పదిరోజులుందనగా ఆమె చూపు చర్చి బల్ల మీది సిలువపై పడింది. జానెడు చెక్క సిలువ, నల్లబడింది. పాస్టరుగారిని అడిగి ఇంటికి తెచ్చింది. మురికి పోవాలని కొబ్బరినూనెతో తుడిచింది. ఆపైన బంగారు రంగు డబ్బా తీసి, దోమల మందు కొట్టినట్టు దగ్గరగా పెట్టి, ఖాళీ అయ్యేదాకా కొట్టింది.

మర్నాడు ముట్టుకుంటే వేలు అతుక్కుంది. మూడోరోజూ అంతే. ఫ్యాను కింద పెడితే పరుపు దూది ఎగిరొచ్చి అంటుకుని సిలువకు మీసాలు మొలిచాయి. మొహానికి రాసుకునే పౌడరు చల్లితే పిండిలో దొర్లినట్టయింది. విసిగిపోయి పేపరులో చుట్టి పెట్టింది. తెల్లారి ఊడదీస్తే, అడ్డకర్ర మీద చీరల కొట్టు ప్రకటన తిరగబడిన అక్షరాలతో అచ్చయి ఉంది.

పేతురు కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాడు. "యాభై శాతం తగ్గింపు అని ఉండాది."

"నువ్వు సదవాకు," అంది సరోజమ్మ.

"ప్రొద్దుటూరులో కమాల్ బాషా ఉండాడు. బండ్లకు రంగులేస్తాడు. ఆయప్పకు చూపిచ్చు."

ఇంక చుట్టడానికి లేదు, సంచిలో వేయడానికి లేదు. అది నిలబడే కింది పీటకు మాత్రం రంగు తగల్లేదు. దాన్ని రెండు చేతులా పట్టుకుని, సిలువను మొహం ముందు నిటారుగా నిలిపి ప్రొద్దుటూరు బస్సెక్కింది. ఇద్దరు లేచి సీటిచ్చారు. ఎక్కడో ప్రార్థనకు పోతోందనుకున్నారు. పక్కనున్న మునెమ్మ అనే ఆమె చీర కాస్త పైకి జరిపి మోకాలు చూపించింది.

"అమ్మా, ఈ కాలికి గూడా ఒక మాట చెప్పుకోండి. శానా నొప్పి."

నిజం చెప్పడానికి నోరు రాక, టీచరు కళ్ళు మూసుకుని ఆ మోకాలి కోసం మనస్ఫూర్తిగా ప్రార్థించింది. కళ్ళు తెరిచేసరికి మునెమ్మ సిలువను తాకి వేళ్ళు కనురెప్పలకు అద్దుకుంటోంది.

"తాకొద్దమ్మా, పచ్చిగా ఉండాది."

"మేమూ నమ్మకంతోనే తాకుతాండాం," అంది మునెమ్మ నొచ్చుకుని.

ఆ మాటకు టీచరు ఇంక ఎవరినీ వద్దనలేకపోయింది. వెనక సీట్లవాళ్ళు వరుస కట్టారు. ప్రొద్దుటూరు బస్టాండులో దిగినవాళ్ళలో పదిమందికి రెప్పలు తళతళలాడుతున్నాయి. కండక్టరుకు నుదురు.

కమాల్ బాషా షెడ్డు ముందు సిలువను వెలుతురుకు తిప్పి చూశాడు.

"ఎవురు కొట్టినారు టీచరమ్మా?"

"ఎవురో, తెలీదు."

"కింద ఏం పూసినారంట?"

"ఏం పూయలేదంట."

బాషా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "కొబ్బరినూనె."

ఎందరి అబద్ధాలో పట్టుకున్న టీచరు తల దించుకుంది. "నేనే కొట్టినా."

"నూనె మీద రంగు పట్టదమ్మా. ఇంత మందంగా కొడితే పైన తోలు కట్టి లోపల ఆరదు. నెల పెట్టినా ఇంతే."

రంగు కరిగించే థిన్నరులో గుడ్డ ముంచి మీసాలు, పౌడరు, చీరల ప్రకటన, రంగు, నూనె అన్నీ తుడిచేశాడు. గరుకు కాగితంతో రుద్ది ఎండలో పెట్టాడు. తర్వాత జానెడు ఎడంగా డబ్బా పట్టి, పొగ వదిలినంత పలచగా ఒక పూత వేశాడు. టీచరు వేలు చాపింది. బాషా కుర్చీ దూరంగా వేసి, ఆమె రెండు చేతుల్లోకీ టీ గ్లాసు ఇచ్చాడు. అట్లా మూడు పూతలు, మూడు టీలు.

సాయంత్రం తనే వేలు ఆనించి చూపించాడు. అంటలేదు. ఆమె వేలు పెట్టి చూసింది. నమ్మకం కుదరక చెంప ఆనించి చూసింది.

ఈస్టరు నాడు పాస్టరుగారు సిలువను ఎత్తి చూపించి, ఇది మన టీచరమ్మ చేతి సేవ అని మెచ్చుకున్నారు. సరోజమ్మ లేచి నిలబడింది.

"అయ్యగారూ, నేను పాడు చేసినా. బాగు చేసింది ప్రొద్దుటూరు కమాల్ బాషా."

తర్వాత పాస్టరుగారు ఆ రోజు ప్రార్థనలో బాషా పేరు, అతని షెడ్డు క్షేమం కూడా చేర్చారు. ఆరాధన అయిపోయాక ముగ్గురు ఆడవాళ్ళు టీచరును పక్కకు పిలిచి, తమ ఇళ్ళలోనూ ఆరనివి ఉన్నాయని, ఆ షెడ్డు యాడుందో గొంతు తగ్గించి అడిగారు.