ఆల్మా బటర్‌వర్త్ గుమ్మం మెట్టు

"మీ గుమ్మం మెట్టు మురికిగా ఉంచడానికి ఏం తీసుకుంటారు?"

అడిగినవాడి పేరు క్రిస్పిన్. లండన్ సినిమా కంపెనీలో షూటింగుకి చోట్లు వెతికిపెట్టే ఉద్యోగి. అడిగింది ఓల్డమ్ ఊళ్ళో గార్నెట్ వీధిలో ఉండే ఆల్మా బటర్‌వర్త్‌ని. ఆవిడ అతని మెత్తటి బూట్ల దగ్గర మొదలుపెట్టి భుజాల మీద పడుతున్న జుట్టు దాకా నింపాదిగా చూసింది.

"మీ అమ్మ బతికే ఉందా, నాయనా?" అంది.

"ఉందండీ."

"పాపం."

ఆల్మా చిన్నప్పుడే నూలు మిల్లులో చేరి, మిల్లు మూతపడేదాకా అక్కడే పనిచేసింది. మిల్లు ఆవిడకి రెండు ఇచ్చింది. ఒకటి దగ్గు. రెండోది, పెదవుల కదలిక చూసి మాటలు పోల్చుకునే విద్య. యంత్రాల హోరులో అరిచినా వినపడదు కాబట్టి అక్కడి ఆడవాళ్ళందరూ అలాగే మాట్లాడుకునేవారు. వీధి అవతల కిటికీ అద్దం వెనక ఎవరు ఎవరిని తిడుతున్నారో తన కుర్చీలోంచి లేవకుండా చెప్పగలదు.

మూడోది మిల్లు ఇచ్చింది కాదు, సొంతంగా సంపాదించుకుంది. ఆ వీధిలో అందరికంటే తెల్లటి మెట్టు. పాతగుడ్డల బండివాడికి చిరిగిన చొక్కా ఇస్తే బదులుగా ఒక మెత్తరాయి ముక్క ఇస్తాడు. తెల్లవారగానే మెట్టు కడిగి, తడి ఆరకముందే ఆ రాయితో అంచులు రుద్దితే మీగడ రంగు తేలుతుంది. ఆ మెట్టు తొక్కే హక్కు ఎవరికీ లేదు. ఆవిడ భర్త వాల్టర్ ముందు గుమ్మంలోంచి లోపలికి వచ్చింది పెళ్ళినాడు, బయటికి వెళ్ళింది శవపేటికలో. మధ్యలో కాపురమంతా దొడ్డిదారినే.

ఇలాంటి మెట్ల మీద ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు పుస్తకం కూడా వేశారు. శ్రామిక స్త్రీ ఆత్మగౌరవానికి అవి ప్రతీకలట. ఆ సంగతి చెబితే ఆల్మా, "ఎదురింటావిడ చూస్తుంది కదా, అందుకు," అంది. పుస్తకం అంతా కలిపి ఇంతకంటే ఎక్కువేమీ చెప్పలేదు.

ఎదురింటావిడ నోరా ఫిట్టన్. ఇద్దరూ ఒకే మిల్లులో పక్కపక్క యంత్రాల మీద పనిచేశారు, ఒకే వారంలో పెళ్ళిళ్ళు చేసుకున్నారు, ఎదురెదురుగా ముసలివాళ్ళయ్యారు. అయినా ఒకరినొకరు మిసెస్ బటర్‌వర్త్, మిసెస్ ఫిట్టన్ అనే పిలుచుకుంటారు. పేరు పెట్టి పిలిచేంత చనువు ఇస్తే రేపు చక్కెర అప్పుకి వస్తారని భయం. నోరా మెట్టు కూడా శుభ్రమైనదే. కానీ రెండోది. ఆల్మాకి జ్వరం వచ్చినప్పుడల్లా నోరా పరామర్శకి వచ్చి, ముందు మెట్టు వైపు చూసి, తర్వాత మనిషి వైపు చూసేది.

ఇక సినిమా సంగతి. కథ విక్టోరియా రాణి కాలపు లండన్‌లో జరుగుతుంది. లండన్‌లో ఆ లండన్ మిగల్లేదు. కొంత బాంబులు మింగాయి, మిగిలింది బిల్డర్లు మింగారు. ఎంత వెతికినా దొరకని దరిద్రం, మరుసటి ఏడు మునిసిపాలిటీ కూల్చబోతున్న గార్నెట్ వీధిలో చెక్కుచెదరకుండా దొరికింది. క్రిస్పిన్ వీధివాళ్ళందరినీ చర్చి పక్క హాల్లో కూర్చోబెట్టి, టీ, బిస్కెట్లు పెట్టి ఈ మాటనే చాలా మర్యాదగా చెప్పాడు.

"మా ఇళ్ళు లండన్ మురికివాడలా ఉన్నాయంటావు," అన్నారు ముందు వరసలోంచి.

"ఉన్నాయని కాదండీ. మేం చేసుకుంటాం."

"లండన్ వాళ్ళలా నటించాలంటే దానికి వేరే ఇస్తారా?" అని వెనక బెంచీ నవ్వింది.

ఇంటికి రోజుకి రెండు పౌన్లు. వీధి మొత్తం ఒప్పుకుంటేనే. ఒక్క ఇల్లు కాదన్నా కంపెనీ పక్క ఊరు రాచ్‌డేల్ వెళ్ళిపోతుంది. అప్పటికే మెట్టు ప్రశ్న విని ఉన్న ఆల్మా లేచి, "గోడలకి ఏం పూసుకుంటారో పూసుకోండి. మెట్టు జోలికి రాకండి," అంది.

"మాకు అసలు కావలసింది మీ మెట్టేనండీ," అన్నాడు క్రిస్పిన్. హంతకుడు దాక్కున్న ఇల్లు ఆల్మా ఇల్లు. దాని మెట్టు మీద బురద పాదముద్ర ఉంటుంది. బూటు మడమకి ఒక మేకు తక్కువ. డిటెక్టివ్ అది భూతద్దంలో చూసి హంతకుణ్ణి పోల్చుకుంటాడు.

హాలంతా ఆల్మా వైపు తిరిగింది. నోరా మాత్రం టీ కప్పు వెనకనుంచి చూస్తోంది. కప్పు అడ్డం ఉన్నా నవ్వు దాగలేదు.

"దూరంనుంచేనా తీసేది?" అంది ఆల్మా.

"దూరంనుంచేనండీ," అన్నాడు క్రిస్పిన్. చోట్లు వెతికేవాళ్ళు ఎక్కడైనా అలాగే అంటారు.

పదిమంది డబ్బులకి అడ్డుపడిందన్న మాట పడలేక ఆల్మా సంతకం పెట్టింది.

మురికి పూసే పని లెన్ అనే మేస్త్రీది. చిత్తడినేలల్లో తవ్వే నల్లటి పీట్ మట్టి, బొగ్గుమసి, జిగురు, కాస్త ఓట్స్ గంజి కలిపి బకెట్లలో తెచ్చాడు. ఆల్మా మెట్టు దగ్గర కూర్చుని పూస్తుంటే అది జారిపోతోంది.

"ఏం రుద్దారమ్మా దీనికి? గాజులా ఉంది. పట్టుకోవడం లేదు," అన్నాడు.

"దానికి అలవాటు లేదు."

"అన్నిటికీ అలవాటు చేశాను. ఒక డ్యూక్ గారి బంగళాకి చేశాను."

"డ్యూక్ గారింట్లో మెట్లు కడిగేది డ్యూక్ భార్య కాదుగా," అంది ఆల్మా. లెన్ ఒప్పుకున్నాడు. ఆవిడ అతనికి టీ ఇచ్చింది, దొడ్డిదారిన రమ్మని. చివరికి జిగురు ఎక్కువ వేసి మురికి పట్టించి, దాని మీద ఒక మేకు తక్కువ బూటు ముద్ర వేశాడు.

మొదటిరోజు దూరపు షాట్లు తీశారు. వీధి రెండువైపులా మెట్లన్నీ నల్లగా, బండ్లు, గుర్రాలు, పొగ. డిటెక్టివ్ వేషం వేసిన పెద్దాయన ఆబ్రీ లాషమ్, నాటకాల్లో రాజుల వేషాలు కట్టి కట్టి మోకాళ్ళు పోయినవాడు. అతనికి మొదటినుంచీ ఒక సందేహం ఉంది. డైరెక్టర్ పార్జిటర్‌ని రోజూ అదే అడిగేవాడు.

"ఈ ముద్ర నాకు మొదటి అరగంటలోనే దొరికితే, మిగతా గంటన్నర గుర్రబ్బండ్లలో, పడవల్లో, ఆఖరికి ఆకాశంలో ఎగిరే గాలిబుడగలో నేను ఎవణ్ణి వెతుకుతున్నట్టు?"

"సాహసం, ఆబ్రీ. జనానికి సాహసం కావాలి," అనేవాడు పార్జిటర్. ఈ జవాబుతో చాలా సినిమాలు పూర్తయ్యాయి.

సాయంత్రం వెలుతురు తగ్గింది. పార్జిటర్ వీధి చివర నిలబడి క్రిస్పిన్‌తో ఏదో చెబుతున్నాడు. ఆల్మా తెర సందులోంచి చూస్తోంది. మాటలు వినపడే దూరం కాదు. ఆవిడకి వినపడనక్కర్లేదు.

"రేపు ఆ ముసలమ్మ మెట్టు దగ్గరగా పట్టాలి. తెరంతా అదే ఉండాలి. దరిద్రం ఓడుతూ ఉండాలి," అన్నాయి పార్జిటర్ పెదవులు.

ఆల్మా తెర వేసేసింది. ఓల్డమ్ సినిమా హాలు తెర ఎంత వెడల్పో ఆవిడకి తెలుసు. తన పెళ్ళినాడు, వాల్టర్ పోయిననాడు, మిల్లు మూతపడ్డనాడు కూడా నల్లబడని మెట్టు ఆ తెర నిండా మురికి ఓడుతుంది. కింద కుర్చీలో నోరా ఫిట్టన్ నిమ్మ బిళ్ళ చప్పరిస్తూ కూర్చుని ఉంటుంది.

మర్నాడు యూనిట్ వచ్చేసరికి మెట్టు మీగడలా మెరుస్తోంది. ముద్ర లేదు, మేకు లేదు.

పార్జిటర్ అరిచాడు. క్రిస్పిన్ ఇంటింటికీ వెళ్ళాడు. ఎవరూ ఏమీ చూడలేదు. ఆబ్రీ లాషమ్‌కి ఉత్సాహం వచ్చింది. కోటూ టోపీతో సహా వెళ్ళి నోరా తలుపు తట్టాడు.

"పొద్దున్నే ఎదురింటి మెట్టు ఎవరు కడిగారో చూశారా, అమ్మా?"

నోరా ముప్ఫై ఏళ్ళుగా ఆ మెట్టు తప్ప మరేమీ చూడలేదు. కానీ లండన్ వాడి ముందు ఎదురింటావిణ్ణి పట్టించడం వేరే సంగతి. "వాన పడింది," అంది.

"ఒక్క మెట్టు మీదేనా?"

"ఓల్డమ్ వాన ఎక్కడ పడాలో దాని ఇష్టం. మీరు డిటెక్టివ్ కదా, కనిపెట్టుకోండి," అని తలుపు వేసింది.

లెన్ మళ్ళీ పూశాడు, మళ్ళీ ముద్ర వేశాడు. అందరూ భోజనాలకి వెళ్ళి వచ్చేసరికి ఆల్మా మోకాళ్ళ మీద కూర్చుని అంచులు రుద్దుతోంది. ఈసారి దాచుకోలేదు.

పార్జిటర్ ఆవిడ ముందుకొచ్చి నిలబడ్డాడు. "మీరు సంతకం పెట్టారు," అన్నాడు.

"పెట్టాను. దూరంనుంచి అన్నారు."

"ఎవరన్నారు?"

క్రిస్పిన్ గుర్రాల వైపు చూశాడు.

"సరే, వినండి. ఇంకోసారి ఈ మెట్టు మీద నీళ్ళు పడితే నేను రాచ్‌డేల్ వెళ్ళిపోతాను. ఈ వీధిలో ఎవరికీ ఒక్క పెన్నీ రాదు. మీరే చెప్పుకోండి మీవాళ్ళకి."

ఆవిడ వాళ్ళందరూ అప్పటికే గుమ్మాల్లో ఉన్నారు. కొందరు ఆ డబ్బుతో బొగ్గు కొందామనుకున్నారు, కొందరు అప్పటికే కొనేశారు. ఆల్మా బకెట్‌లోకి చూసింది. మెట్టు నల్లబడటానికి ఒప్పుకోవాలి, లేదా వీధి నోట్లో మన్ను కొట్టాలి. ఆవిడ గుడ్డ పిండి బకెట్ అంచు మీద ఆరేసింది. అలా ఆరేసిందంటే ఇక పని అయిపోయినట్టే. నోరా కూడా నవ్వలేదు.

లేవబోతూ ఆల్మా ఆగింది.

"సినిమాలో ఈ ఇల్లు ఎవరిది?" అంది.

"ఎవరిదో ఒకరిది. ఒక విధవ. హంతకుడు ఆవిడింట్లో అద్దెకుంటాడు. ఆవిడ తెర మీద కనిపించదు," అన్నాడు పార్జిటర్.

"చేతులు లేవా ఆవిడకి?"

"ఏమిటి?"

"మెట్టు మీద బురద కాలు పడితే, ఎవడో భూతద్దం పట్టుకుని వచ్చేదాకా అలాగే ఉంచుతుందా? లండన్‌లో ఉంచుతారేమో. ఉంచినా చూసేవాళ్ళు నమ్మరు. ఇక్కడ మాత్రం నమ్మరు."

పార్జిటర్ నోరు తెరిచాడు. ఈలోగా ఆబ్రీ లాషమ్ నవ్వడం మొదలుపెట్టాడు. పెట్టుడు మీసం ఒక పక్క ఊడేదాకా నవ్వాడు.

"కడిగేసింది," అన్నాడు. "నేను వచ్చేసరికి ఆవిడ కడిగేసింది. ముద్ర పోయింది. అందుకే గాలిబుడగ. పార్జిటర్, ఇన్నాళ్ళకి నేను గాలిబుడగ ఎందుకెక్కానో తెలిసింది."

డైరెక్టర్లకి ఇలాంటప్పుడు ఒక అలవాటు ఉంది. కాసేపు ఆకాశం వైపు చూసి, ఆ ఆలోచన తమకే వచ్చినట్టు తల దించుతారు. పార్జిటర్ దించాడు. మాంచెస్టర్ నుంచి ఒక నటిని రప్పించారు. ఆవిడ రాయిని సబ్బులా పట్టుకుంది. వీధంతా నవ్వింది, నటి ఏడ్చింది. దాంతో ఆల్మాకే నల్ల శాలువా కప్పి మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. లెన్ మూడోసారి ముద్ర వేస్తూ, "ఇది మీరు కడగడానికే, అమ్మా. జిగురు తక్కువ వేశాను," అన్నాడు.

ఆవిడకి చెప్పింది ఒక్కటే. కడగాలి, మాట్లాడకూడదు. మాట్లాడితే నటుల సంఘం రేటు ఇవ్వాలి, అది పదిహేను గినీలు, అంటే పదహారు పౌన్లకి కాస్త తక్కువ.

కెమెరా తిరిగింది. డిటెక్టివ్ పరుగున వచ్చి ఆగి, తడి మెట్టు చూసి గుండె పట్టుకున్నాడు.

"అమ్మా, మీరు ఇప్పుడు ఏం కడిగేశారో తెలుసా?"

"బురద. మీ కాళ్ళకీ ఉంది, అవతల నిలబడండి," అంది ఆల్మా.

అది రాసిచ్చిన మాట కాదు. డిటెక్టివ్ కూడా వెనక్కి జరిగాడు, అది నటన కాదు. పార్జిటర్ మళ్ళీ తియ్యలేదు.

సినిమా లండన్‌లో వారం ఆడింది. ఓల్డమ్‌లో నెల దాటింది. జనం వచ్చింది గాలిబుడగ కోసం కాదు. ఆల్మా మాట రాగానే హాలు ఒక్కసారి గొల్లుమనేది. అంతకంటే ముఖ్యమైంది ఇంకోటి ఉంది, అది ఆల్మాకి హాల్లో కూర్చున్నాక గాని తట్టలేదు. లెన్ పూసిన మురికితో వీధి మెట్లన్నీ తెర మీద నల్లగా ఓడుతున్నాయి. ఆవిడ కడిగింది ఒక్కటే తెల్లగా ఉంది. దాని ఎదురుగా, ఒక గుర్రం వెనక, నోరా ఫిట్టన్ మెట్టు కూడా బాగా కనిపించింది.

బయటికి వస్తూ నోరా చాలాసేపు చేతి తొడుగులు సర్దుకుంది. "మీ నడుము కాస్త వెడల్పుగా పడింది, మిసెస్ బటర్‌వర్త్," అంది.

"దగ్గరనుంచి తీశారు కదా, మిసెస్ ఫిట్టన్. మీది దూరంనుంచి తీశారు, అదృష్టం," అంది ఆల్మా. ఇద్దరూ ఒకే బస్సులో ఇంటికి వెళ్ళారు. టికెట్టు నోరా కొంది. ఎందుకు కొందో ఆల్మా అడగలేదు.

గార్నెట్ వీధి కూల్చేశారు. ఇద్దరికీ ఒకే ఎత్తైన భవనంలో, ఒకే అంతస్తులో ఎదురెదురు వాటాలు ఇచ్చారు. అక్కడ మెట్లు లేవు. తలుపు ముందు సిమెంటు నేల, పక్కన లిఫ్టు. ఆల్మా తన తలుపు ముందు ఒక మూర మేర గీత గీసుకుని, పాత ఇంటి బొగ్గు గదిలో దాచి తెచ్చిన రాళ్ళతో దాన్నే రుద్దుతూ ఉండేది. లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చినవాళ్ళని కూడా దాన్ని దాటుకుని వెళ్ళమనేది. ఎదుటి తలుపు ముందు అలాంటిదే ఇంకో చారిక ఉండేది, కాస్త తక్కువ తెలుపు.

లెన్ ఏటా క్రిస్మస్‌కి కార్డు పంపేవాడు. కంపెనీ మాత్రం ఏమీ పంపలేదు. వీధివాళ్ళ రోజువారీ డబ్బులు అప్పుడే ఇచ్చేశారు. ఆల్మా మెట్టు మురికిగా లేదు కాబట్టి ఆవిడకి ఆ రెండు పౌన్లు వర్తించవన్నారు. న్యాయమే, ఆవిడ కూడా కాదనలేదు. మాట్లాడినందుకు రావలసింది తర్వాత పంపుతామన్నారు. తర్వాత కంపెనీ దివాలా తీసింది. ఆ పదిహేను గినీలు ఇంకా బాకీనే.