భీమిలి దారిలో ఆఖరిదాన్ని

నేను మొదటిసారి చెరువు గట్టు మీద పరుగెత్తిన రోజున, టీవీఎస్ బండి మీద చేపల మేత బస్తా వేసుకుని వెళ్తున్న ఒకాయన నన్ను చూసి గబుక్కున బ్రేకు వేశాడు.

"ఏమైందమ్మా? ఎవరికైనా బాగోలేదా? బస్తా ఇక్కడ దించేస్తాను, ఎక్కండి, దింపేస్తా" అన్నాడు.

నలభై ఏడేళ్ళ ఆడమనిషి, చున్నీ నడుముకి బిగించుకుని పొద్దున్నే గట్టు మీద పరుగెడుతోందంటే ఆయనకి ఇంకో కారణం తోచలేదు. "ఊరికేనండీ" అన్నాను. నమ్మకం కుదరక కాసేపు నా వెనకాలే మెల్లగా వచ్చి, అప్పుడు వెళ్ళిపోయాడు.

మాది కైకలూరు. వలలు, తాళ్ళు అమ్మే కొట్టు ఉంది మాకు. మావారు పొద్దున్న కొట్టుకి వెళ్తే మధ్యాహ్నం భోజనానికి ఒకసారి, మళ్ళీ చీకటి పడ్డాక ఒకసారి ఇంటికి వస్తారు. మంచి మనిషి. పెళ్ళయి పాతికేళ్ళు దాటినా నన్ను ఒక్కసారీ విసుక్కుని ఎరగరు. అసలు మాటే తక్కువ. కూరలో ఉప్పు చాలిందో లేదో నేను అడిగితేనే చెబుతారు. పిల్లలు లేరు మాకు. అత్తగారు పోయాక పగలంతా ఇంట్లో నేనొక్కదాన్నే. కుక్కరు కూత వేస్తే ఎవరో పలకరించినట్టు ఉలిక్కిపడేదాన్ని.

మేడ మీద వాటా ఖాళీ అయితే హైస్కూలు పీఈటీ టీచరు ఒకావిడ అద్దెకి దిగింది. నాకంటే పదేళ్ళు చిన్నది. అప్పటికే డాక్టరు నాకు సుగరు ఉందని, నడవమని చెప్పారు. "అక్కా, ఎలాగూ నడవాలిగా, నాతో నడవండి" అని ఆవిడే తీసుకెళ్ళింది. నడక కాస్తా పరుగైంది. మొదటి రోజు ఆవిడ చాలా ముందుకి వెళ్ళిపోయింది, మేత బస్తా ఆయన నన్ను చూసి ఆగింది అప్పుడే. గట్ల మీద అటూ ఇటూ చెరువులే. నీళ్ళలోకి గాలి చిలికే ఏరియేటర్ల చప్పుడు, కొంగలు, కాపలా పాకల దగ్గర మొరిగే కుక్కలు. నెల తిరిగేసరికి కుక్కలు మొరగడం మానేశాయి. రెండేళ్ళు అలా పరుగెత్తాం. ఆ రెండేళ్ళలో నేను మాట్లాడినన్ని మాటలు అంతకుముందు పదేళ్ళలో మాట్లాడి ఉండను. ఆయాసపడుతూనే మాట్లాడేదాన్ని.

విశాఖపట్నం బీచ్ రోడ్డులో పరుగు పందెం ఉందని ఆవిడే చెప్పింది. ఆర్కే బీచ్ దగ్గర మొదలుపెట్టి భీమిలి దారిలో ఇరవై ఒక్క కిలోమీటర్లు వెళ్ళి, మళ్ళీ అంత దూరమూ వెనక్కి రావాలి. "దారి పొడుగునా ఒకపక్క సముద్రం, ఒకపక్క కొండలు అక్కా. చూసి తీరాలి" అంది. ఇద్దరం పేర్లిచ్చాం. మా వైపు ఎక్కి దిగడానికి కొండ ఎక్కడిది? అరచేతిలా ఉంటుంది నేల. అందుకని ఆదివారాలు ఏలూరు వెళ్ళి, రైలు పట్టాల మీద ఉన్న ఫ్లైఓవరు మీదకి పది సార్లు ఎక్కి పది సార్లు దిగేవాళ్ళం.

ఇంతలో ఆవిడకి అత్తిలి బదిలీ అయింది. మొదట్లో రోజూ ఫోను చేసేది. తర్వాత వారానికోసారి. తర్వాత నేనే చేసేదాన్ని. పందేనికి రెండు రోజుల ముందు తనే చేసింది.

"అక్కా, మా అత్తగారిని ఆసుపత్రిలో చేర్చాం. నేను రాలేనక్కా. మీరు వెళ్తారా?"

"నువ్వు లేకుండా నేనేం వెళ్తాను" అన్నాను. ఫోను పెట్టేశాక మాత్రం, నా బూట్లు గుమ్మం దగ్గర కనబడి, వెళ్ళాలనే అనిపించింది.

కొట్టుకి వెళ్ళి మావారితో చెప్పాను. ఆయన నైలాను తాడు మూరలు కొలుస్తున్నారు.

"టీచరు గారు రావట్లేదటండీ."

"మరి నువ్వు?"

"వెళ్దామనుకుంటున్నాను."

"సరే, జాగ్రత్త. టికెట్టు ఉందిగా" అన్నారు.

నేనింకా అక్కడే నిలబడ్డాను. నేను కూడా రానా అంటారేమోనని. ఆయన ఎక్కడిదాకా కొలిచారో మరిచిపోయి, తాడు మొదటి నుంచి కొలవడం మొదలుపెట్టారు. నేను ఇంటికి వచ్చేశాను.

ఏలూరులో రైలెక్కి విశాఖపట్నంలో దిగి, లాడ్జిలో గది తీసుకున్నాను. ఒక్కదాన్నే గదికి తాళం వేసుకుని పడుకోవడం నా జన్మలో అదే మొదలు.

తెల్లారగట్ల బీచ్ దగ్గర ఎంత జనమో! ఒకే రంగు బనియన్లు వేసుకుని గుంపులు గుంపులుగా ఉన్నారు. "ఆంటీ, కొంచెం ఫోటో తీస్తారా?" అని ఒక గుంపు ఫోను చేతికిచ్చింది. తీశాను. అది చూసి ఇంకో గుంపు వచ్చింది. అలా మూడు గుంపులకి తీశాను. నన్ను తియ్యమని అడగడానికి నోరు రాలేదు. ఈలోగా ఈల వేశారు.

మొదటి రెండు గంటలు ఎంత బాగుందో చెప్పలేను. కుడిపక్క సముద్రంలోంచి ఎర్రగా సూర్యుడు వచ్చాడు. మా కొల్లేరు నీళ్ళు పడుకుని ఉంటాయి. ఈ నీళ్ళు ఒక్క క్షణం కుదురుగా ఉండవు. ఎడంపక్క ఎర్రమట్టి కొండలు, రోడ్డు పైకి లేస్తే దూరంగా వంపు తిరిగిన తీరమంతా కనబడుతుంది, కిందికి దిగితే అల చప్పుడు చెవిలోనే ఉంటుంది. పడవలు బయల్దేరి వెళ్తున్నాయి. "అటు చూడు" అని నాలుగైదుసార్లు పక్కకి తిరిగాను. పక్కన ఎవరూ లేరు. చెవుల్లో పాటలు పెట్టుకున్న పిల్లలు నన్ను దాటుకుని పోతున్నారు.

వెనక్కి తిరిగాక ఎండెక్కింది. రుషికొండ ఎక్కేటప్పుడు పిక్కలు రాళ్ళయిపోయాయి. ఫ్లైఓవరు ఎక్కడ, కొండ ఎక్కడ! నడిచాను. మళ్ళీ పరుగెత్తాను. మళ్ళీ నడిచాను. వెనక్కి చూస్తే రోడ్డు ఖాళీ. ముందు కూడా ఎవరూ కనబడలేదు. కాసేపటికి వెనకనుంచి ఒక వ్యాను మెల్లగా వచ్చి పక్కన ఆగింది. అందులోంచి ఒకాయన తల బయటపెట్టాడు.

"మేడం, టైము అయిపోయిందండీ. మీరే ఆఖరు. ఎక్కండి."

"ఇంకెంత ఉందండీ?"

"ఎనిమిది కిలోమీటర్లు."

"నేను వచ్చేస్తానండీ."

"రోడ్డు వదిలేశారండీ, బస్సులు వచ్చేస్తాయి. మీకేమన్నా అయితే మాట మాకొస్తుంది."

"ఫుట్‌పాతు మీద వస్తాను."

"అయితే నంబరు ఇచ్చెయ్యండి. ఇంక మీరు పందెంలో లేనట్టే" అన్నాడు. ఆ మాట కోపంగా అనలేదు. గుండెల మీద పిన్నీసులతో గుచ్చుకున్న నంబరు కాగితం తీసి ఇచ్చాను. ఒక పిన్నీసు వేలికి గుచ్చుకుంది. నాకు రెండు నీళ్ళ సీసాలు ఇచ్చి వ్యాను వెళ్ళిపోయింది.

ఆ తర్వాత బస్సులు, ఆటోలు, కార్లు. దారిలో నీళ్ళు ఇచ్చిన బల్లలన్నీ ఎత్తేశారు. ఎవరో ఆవిడ మెల్లగా నడుస్తోందనుకుని జనం చూడను కూడా చూడలేదు. ఎందుకు వెళ్తున్నానని నన్ను నేనే అడుక్కున్నాను. ఆగితే ఏడుస్తానని మాత్రం తెలుసు. అందుకని ఆగలేదు.

నేను చేరేసరికి గాలి నింపి నిలబెట్టిన పెద్ద తోరణాన్ని దించేసి, ఇద్దరు మనుషులు రోడ్డు మీద మడత పెడుతున్నారు. నేను అటూ ఇటూ వెతుక్కుంటుంటే వాళ్ళలో పెద్దాయన అడిగాడు.

"ఏమైనా పారేసుకున్నారా మేడం?"

"లేదండీ. పరుగు... ఇప్పుడే వచ్చాను."

ఆయన నా బూట్ల వైపు, ఉప్పు చారలు కట్టిన నా మొహం వైపు చూశాడు. మడత వదిలేసి నాలుగడుగులు నడిచి, కాలితో చూపించాడు. "గీత ఇక్కడుందండీ."

నేను వెళ్ళి ఆ గీత దాటాను. ఆయన తలూపి మళ్ళీ పనిలో పడ్డాడు. బీచ్ గోడ మీద కూర్చుని మావారికి ఫోను చేశాను.

"అయిపోయిందండీ."

"మంచిది. ఏమన్నా తిన్నావా? ఇక్కడ బేరం వచ్చింది, మళ్ళీ చేస్తాను" అన్నారు.

గోడ మీద కూర్చునే ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. తర్వాత లేచి ఇడ్లీ తిని, రైలెక్కాను.

ఇంటికి చేరేసరికి ఆయన ఆ పూట కొట్టు తొందరగా కట్టేసి వచ్చి ఉన్నారు. నేను గుమ్మం మెట్లు ఒక్కోటీ పక్కకి తిరిగి ఎక్కుతుంటే చూసి, లోపలికెళ్ళి బకెట్లో వేన్నీళ్ళు తెచ్చారు. కాళ్ళు అందులో పెట్టుకుని కూర్చున్నాను.

"ఎన్నోదానివిగా వచ్చావు?"

"ఆఖరు. లెక్కలోకి కూడా రాలేదండీ."

వంగి నీళ్ళ వేడి చేత్తో చూశారు. తర్వాత, "నన్ను రమ్మని అడగలేదు నువ్వు" అన్నారు.

"మీరు వస్తానని అనలేదు."

నీళ్ళు చల్లారాక ఆయనే బకెట్టు తీసుకెళ్ళి పారబోశారు.

టీచరు వారం తర్వాత ఫోను చేసి ఫోటోలు పంపమంది. నావి ఒక్కటీ లేవని చెబితే నమ్మలేదు. వాళ్ళ అత్తగారు ఇంటికి వచ్చేశారట. ఈసారి తప్పకుండా కలిసి వెళ్దాం అక్కా అంది. అలాగే అన్నాను. తర్వాత మళ్ళీ ఫోను రాలేదు.

నొప్పులు తగ్గిన ఆదివారం నేను గట్టు మీదకి వెళ్తుంటే మావారు స్కూటరు తీసి నా వెనకాల వచ్చారు. కొంతదూరం పక్కనే నడిపారు. ఇంజను చప్పుడులో ఏమీ మాట్లాడుకోలేకపోయాం. మలుపు దగ్గర ఆపి, చెరువు మీద వాలిన గూడబాతుల్ని కాసేపు చూసి, చేతి గడియారం చూసుకున్నారు.

"ఇంకా ఎంతసేపు పరుగెడతావు?"

"రెండు గంటలండీ."

"కొట్టు తియ్యాలి" అన్నారు, తప్పు చేసినట్టు.

"వెళ్ళండి, నేను వస్తాను" అన్నాను. స్కూటరు చెరువుల అవతల కనుమరుగయ్యేదాకా నిలబడి, చున్నీ బిగించుకుని మళ్ళీ మొదలుపెట్టాను.