నాన్నమ్మ ఎక్కని రైలు

నేను నాలుగో తరగతితోనే బడి మానేసినదాన్ని. బెంగాల్లోనే పుట్టి పెరిగాను, అందుకే నా తెలుగు రాత కొంచెం వంకరగా వస్తుంది. రాయడం ఇదే మొదలు. ముందే చెప్పేస్తే మీరు నవ్వుకోరని నా ధైర్యం.

నా చిన్నప్పుడు మేము ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే పేటలో, రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. నాన్న వర్క్‌షాపులో ఖలాసీ. పాలు అమ్ముకుంటే నాలుగు డబ్బులు వస్తాయని బ్యాంకులో అప్పు చేసి రెండు గేదెల్ని కొన్నారు. వానాకాలంలో రోగమొచ్చి రెండూ చచ్చిపోయాయి. అప్పు మాత్రం చావలేదు. బ్యాంకు నుంచి కాగితం వచ్చినప్పుడల్లా నాన్న దాన్ని మడిచి దేవుడి పటం వెనక దోపేవారు. కోర్టు పిలిచినా వెళ్లలేదు. చివరికి ఒకరోజు కోర్టు బంట్రోతు వచ్చాడు. తీర్పు అయిపోయిందట, అప్పంతా కట్టకపోతే జీతం జప్తు చేస్తారట.

మా కాలనీలో ఒక అలవాటు ఉండేది. ఇంట్లో తగువైనా, అప్పులవాళ్లు తరిమినా రైల్వే పాసు రాయించుకుని సొంతూరు వెళ్లిపోవడమే. టికెట్టు డబ్బులు అక్కర్లేదు కదా. నాన్నా అదే చేశారు. శ్రీకాకుళం దగ్గరి మా ఊరికి అందరికీ పాసు తెచ్చి, "గొడవ సల్లారినాక వద్దాం" అన్నారు. సెలవు దాటి అక్కడే ఉండిపోతే ఉద్యోగం పోతుంది, దాంతో క్వార్టరూ పోతుంది. అది తెలిసి అమ్మ ఏడుస్తూనే ట్రంకుపెట్టె సర్దింది. నాన్నమ్మ మాత్రం ఒక్క మాటా అనకుండా చీర మార్చుకుని బయలుదేరింది.

మా ప్లాట్‌ఫారం ఎంత పొడుగో చూసినవాళ్లకు తెలుసు. మేము ఎక్కాల్సిన పెట్టె ఆ చివర ఆగుతుంది. సగం దూరం నడిచాక నాన్నమ్మ కాళ్లు లాగుతున్నాయని ట్రంకు దింపించి దాని మీద కూర్చుంది. బండి వచ్చి ఆగింది. ఆవిడ లేవలేదు.

"అమ్మా, లెగు! బండి ఎలిపోద్ది" అన్నారు నాన్న.

"ఎలిపోనీరా. నాను రాను."

"ఈ మాట ఇంటికాడే సెప్పకూడదేటి?"

"ఇంటికాడ సెప్తే అరిసేస్తావు. ఇక్కడ జనం ఉన్నారు, అరవలేవు. అందుకే ఇక్కడ కూకున్నాను. ఈ బండెక్కితే గేదెల అప్పు ఇక్కడే దిగిపోద్దేటి? అదీ మన కూడా వస్తాది. దానికీ పాసుంది."

ఏడుస్తున్న అమ్మకు నవ్వొచ్చేసింది. నాన్న ట్రంకు లాగబోయారు గానీ, నాన్నమ్మతో సహా అది కదల్లేదు. బండి వెళ్లిపోయింది. నాన్న అదే ట్రంకు మీద ఆవిడ పక్కన కూలబడ్డారు.

"రేపు మేదినీపూర్ కోర్టుకెల్దాం. నానూ వస్తాను" అంది నాన్నమ్మ.

మర్నాడు నన్నూ తీసుకెళ్లారు. వకీలు చేత, వాయిదాల మీద కడతామని అర్జీ పెట్టించారు. జడ్జిగారు బెంగాలీలో ఏదో అడిగితే నాన్న నాన్నమ్మ వైపు చూశారు. నాన్నమ్మ ముందుకు జరిగి, "బాబూ, టాకా దేబో. ఏక్‌బారే పార్బో నా" అంది. డబ్బు ఇస్తాం, ఒక్కసారే ఇవ్వలేం అని. ఆవిడకు వచ్చిన బెంగాలీ అంతే. బ్యాంకు వకీలు కాస్త గునిసి ఒప్పుకున్నాడు. నెలనెలా కట్టమని జడ్జిగారు రాశారు.

ఇక ప్రతి జీతం రోజునా నాన్నమ్మ వర్క్‌షాపు గేటు దగ్గర నిలబడి, వాయిదా డబ్బు కొంగున ముడేసుకున్నాకే మిగిలింది అమ్మ చేతిలో పెట్టేది. చాలాకాలం ఇంట్లో చేప ముక్క కనబడలేదు. ఎవరం అడగలేదు. ఆఖరి వాయిదా కట్టి వచ్చిన రోజు నాన్నమ్మ గుమ్మంలో కూర్చుని, "ఇప్పుడు తియ్యరా పాసు. ఊరెల్దాం" అంది. ఈసారి ప్లాట్‌ఫారం చివరిదాకా మా అందరికంటే ముందు ఆవిడే నడిచింది.

ఇప్పటికీ మా ఇంటికి ఏ కాగితం వచ్చినా నేను దేవుడి పటం వెనక పెట్టను. నాకు అర్థం కాకపోతే ఎవరిచేతైనా చదివించుకుని, చెప్పులేసుకుని, ఆ ఆఫీసుకే వెళ్తాను. ఇదీ అలాగే భయపడుతూనే రాశాను. రాతలో తప్పులు కనబడితే, పెద్దమనసుతో మీరే దిద్దుకుని చదువుకోండి.